పగవాళ్ళ పేటలో మా నీలం

పోయినవారం కథ ఆగేసరికి నేను మా రంగుల కొట్టంలో, తొట్టి పక్కన, చేతిలో తడి ఉన్నిగుడ్డతో నిలబడి ఉన్నాను. ఇంకా అక్కడే ఉన్నాను. ఆ గుడ్డ తొట్టిలోంచి ఆకుపచ్చగా పైకి రావాలి, గాలి తగలగానే కళ్ళెదుటే నీలమెక్కాలి. అలా జరగలేదు. బురద రంగులో వచ్చింది. కాలవలో జాడిస్తే ఆ బురద కూడా వదిలిపోయి తెల్లమొహం వేసింది. తీర్పరులు మా పేటకు వచ్చేది ఆ మధ్యాహ్నమే.

కొత్తగా చదువుతున్నవాళ్ళు కంగారు పడకండి, నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. నా పేరు నీవెస్. మాది పియెత్రాల్మా. ఏటా జూన్ నెలలో మా ఊరు ఏడొందల ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోతుంది. వాచీలు, కళ్ళజోళ్ళు, జిప్పులు, ప్లాస్టిక్ సామాను అన్నీ పెట్టెల్లోకి పోతాయి. వంటలో టమాటా ముక్క కనబడినా మార్కులు పోతాయి, ఎందుకంటే ఆ రోజుల్లో టమాటా మా దేశం మొహం చూడలేదు. పేటకో పాత చేతిపని ఉంది. ఆ పనిని ఎవరు అచ్చం ఆనాటిలా చేస్తారన్నదే పోటీ. వాడే ప్రతి వస్తువూ ఆ పేట హద్దుల్లోనే తయారవ్వాలి. మా మోలినో పేటది నీలం అద్దకం. మా బద్ధశత్రువు శాన్ బియాజియో పేటది కాయితం. నా తలరాత చూడండి, నేను ప్రేమించి చేసుకున్న సెత్తిమియో ఆ పేటవాడే. పైగా ఆ పేటకి పెద్ద మా అత్తగారు.

వేరు వేరు పేటలవాళ్ళు పెళ్ళి చేసుకుంటే పండగ రోజుల్లో ఎవరి పుట్టింటికి వాళ్ళు వెళ్ళిపోవాలి. మొగుడూ పెళ్ళాలు వీధిలో పలకరించుకోవచ్చు, పని సంగతి మాత్రం ఎత్తకూడదు. నేనూ పుట్టింటికి, మా నాన్న ఒరెస్తే దగ్గరికి వచ్చేశాను. మా పేటకి పెద్ద ఆయనే. అంతా సవ్యంగా ఉందనుకుంటున్న ఆ పొద్దున్న, తొట్టి చచ్చిపోయి నేను నిలబడ్డ నిమిషంలో, మా పల్మీరా పిన్ని వచ్చి చెవిలో ఊదింది: "తెల్లారుతూనే మీ ఆయన ఈ కొట్టం వెనక గుమ్మంలోంచి జారుకుంటుంటే చూశానే."

కోపం వస్తే నేను ఆలోచించను, నడుస్తాను. గుడ్డ భుజాన వేసుకుని శాన్ బియాజియో వైపు బయల్దేరాను.

బయట పండగ నాతో సంబంధం లేకుండా సాగుతోంది. కమ్మరి కొలిమి ముందు పొరుగూరి జనం నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. కొవ్వొత్తులు చేసేవాళ్ళు వత్తుల్ని మైనంలో ముంచి తీసి తాళ్ళకి వేలాడదీస్తున్నారు. కాల్చిన పందిమాంసం వాసన సందులన్నిటా కమ్ముకుంది. ఒకావిడ నా నీలి గౌను అంచు పట్టుకుని ఆపేసి, "ఇది అమ్ముతారా అమ్మా?" అని అడిగింది. "నన్ను కొనుక్కోండి, గౌను ఊరికే ఇస్తా" అని చెప్పి ముందుకు సాగాను. అంత కోపంలోనూ నాకు నోరు మాత్రం బాగానే పనిచేస్తుంది.

రెండు పేటల మధ్య రాతి కమాను ఉంది. పండగ రోజుల్లో నీలం కట్టుకుని ఆ కమాను దాటడమంటే కోరి తన్నులు తినడమే. నేను దాటాను.

"ఒరేయ్, ఉచ్చరాణి వచ్చిందిరోయ్! ముక్కులు మూసుకోండి!" అని అరిచాడు గుమ్మం దగ్గర పేలికలు చింపుతున్న ఒకడు.

"మూసుకోండి నాయనా, మూసుకోండి. మీ జిగురు కంపుకి మీ ముక్కులు ఎప్పుడో చచ్చుంటాయి, అయినా మూసుకోండి" అన్నాను.

లోపల నా మొగుడు నీళ్ళ తొట్టిలోంచి జల్లెడ పైకెత్తుతున్నాడు. నానబెట్టి దంచిన పేలికల గుజ్జు జల్లెడ మీద పల్చటి పొరగా పరుచుకుంటోంది. ఎర్ర టోపీ, మెడలో వాళ్ళ పేట ఎర్ర రుమాలు, మోచేతుల దాకా తెల్లటి గుజ్జు. ఆ వేషంలో ఎంత బాగుంటాడో నాకు తెలుసు. ఆ తెలియడం వల్ల కోపం ఇంకాస్త పెరిగింది.

"పొద్దున్నే మా కొట్టంలో నీకేం పని?"

జల్లెడ ఓ పక్కకి వాలిపోయింది. ఆ కాయితం ఇంక పనికిరాదు.

"ఇక్కడ కాదు నీవెస్."

"ఇక్కడే. మీవాళ్ళందరూ వింటుండగానే. నా తొట్టిలో ఏం కలిపావ్?"

"ఏమీ కలపలేదు."

"మరెందుకొచ్చావ్? మీ ఇంట్లో నిద్ర పట్టక, మా ఉచ్చ వాసన చూసి పోదామనా?"

పేలికల వాడు కిసుక్కున నవ్వాడు. సెత్తిమియో నవ్వలేదు.

"చెప్పలేను. ఒట్టేశాను."

"ఎవరికి?"

"అది కూడా చెప్పకూడదనే ఒట్టు."

"చూడు సెత్తిమియో" అన్నాను. గొంతు తగ్గించాను, నేను గొంతు తగ్గిస్తే అతనికి భయం. "మీ అమ్మ నన్ను ఇన్నాళ్ళూ ‘ఆ పిల్ల’ అంటే ఊరుకున్నాను. మీవాళ్ళు నామీద పాటలు కడితే కలిసి పాడాను. నువ్వు నా పని మీద చెయ్యేశావని తేలిందంటే మాత్రం పండగయ్యాక నేను మన ఇంటికి రాను. ఉత్త మాట కాదు."

అతని మొహం పాలిపోయింది. చెయ్యి నడుముకి వేలాడే తోలుసంచి మీదికి వెళ్ళింది. ఏదైనా దాస్తున్నప్పుడు ఆ చెయ్యి ఎప్పుడూ దాచినచోటికే వెళ్తుంది, పెళ్ళికి ముందు ఉంగరం దాచినప్పుడూ అంతే. నేను ఒక్క అంగలో వెళ్ళి సంచి లాగి బోర్లించాను. జున్ను ముక్క ఒకటి, తాళంచెవి, దాంతోపాటు తళతళలాడే మాత్రల అట్ట కిందపడ్డాయి.

"ప్లాస్టిక్కు! దాచెయ్యండ్రా, ఎవడైనా చూస్తే మన మార్కులు పోతాయ్!" అంటూ పేలికల వాడు దానిమీద తన ఏప్రన్ పడేశాడు. నేను ఏప్రన్ తీసి అవతల పారేసి మాత్రల పేరు చదివాను. పోయిన చలికాలం నాకు గొంతు వాచినప్పుడు డాక్టరు ఇచ్చినవే. ఒంట్లో క్రిముల్ని చంపే మాత్రలు.

నీలి తొట్టి గురించి మీకు ఒక్క మాట చెప్పాలి. అది బతికుంటుంది. నిజంగానే. నీలం తీసే గ్వాదో మొక్క పులిసిన ఆకులో కంటికి కనబడని క్రిములుంటాయి, అవే నీలాన్ని నీళ్ళలో కరిగించి గుడ్డ పట్టుకునేలా చేస్తాయి. వాటికి వెచ్చదనం కావాలి, తవుడు కావాలి, పాతబడిన ఒంటేలు కావాలి. క్రిములు చస్తే తొట్టి చచ్చినట్టే.

"ఇదా కలిపింది?" అన్నాను. దుఃఖం వచ్చిందని చెప్పడానికి నాకు సిగ్గేం లేదు, వచ్చింది.

సెత్తిమియో నా మోచెయ్యి పట్టుకుని వెనకనున్న జిగురు కొట్టంలోకి లాక్కెళ్ళి తలుపేశాడు. అక్కడ తోలుముక్కలు పెద్ద గంగాళంలో ఉడుకుతున్నాయి. కాయితానికి పూసే జిగురు అదే. కంపుకి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి కాబట్టి నా ఏడుపు అక్కడ అంతగా బయటపడలేదు.

"అవి తొట్టిలో వెయ్యడానికి కాదే, మింగడానికి" అన్నాడు.

"ఎవరు మింగడానికి? నీకేమైంది?"

"నాకేం కాలేదు."

నేను అతని కళ్ళలోకి చూస్తూ ఉండిపోయాను. అప్పుడు గుర్తొచ్చింది. నిన్నటి పేట విందులో మా నాన్న తన ముంత బోర్లించి పెట్టాడు. మా నాన్న! పెళ్ళిలో, చావులో, ఆస్పత్రిలో కూడా వైన్ కాదననివాడు, ఎండగా ఉందని వద్దన్నాడు.

"మా నాన్నా?"

సెత్తిమియో నేల చూశాడు. ఒట్టు తప్పకుండా అవునని చెప్పడం అలాగే.

"ఏం జబ్బు? నిజం చెప్పు."

"భయపడేదేం కాదు. ఒంటేలు పోసేటప్పుడు మంట. పక్కూరి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళా. తగ్గుతోంది కూడా. కానీ మీ ఇంట్లో మాత్రలుంటే నీ కంటపడతాయని నా దగ్గర పెట్టమన్నాడు. రోజూ తెల్లారుతూనే కొట్టం వెనక్కి తీసుకెళ్ళి ఇస్తున్నా. ఆడపిల్లకి ఇలాంటివి చెప్తామా అని ఒట్టేయించుకున్నాడు మావయ్య."

ఒంటేలు మంట. ఆ మాట నా బుర్రలో ఒక చుట్టు తిరిగింది, తర్వాత ఇంకో చుట్టు. పండగ నెల మొదలయ్యిందంటే మా పేట మగవాళ్ళు పొద్దున్నే తలో చెంబూ తెచ్చి కొట్టం ముందున్న పెద్ద కుండలో పోస్తారు. ముందు పోసే హక్కు పేట పెద్దది. చెంబు తలమీద పెట్టుకుని డప్పు ముందు నడిచి వస్తాడు మా నాన్న, రాజు కిరీటం మోసినట్టు. అందులో మాత్రలు కలిసిన ఒంటేలు. ఆ కుండలోది నా తొట్టిలో.

నేను నవ్వడం మొదలుపెట్టాను. పేలికల మూట మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వాను. శత్రువులు విషం పెట్టారనుకుంటే, మా నాన్న డప్పు కొట్టించుకుని మరీ పోశాడు!

"కుండలో పొయ్యొద్దని చెప్పాను నీవెస్. సరేనన్నాడు. ఆయన సరే అంటే ఎంత నమ్మాలో నాకు తెలుసు కదా. అందుకని..."

సెత్తిమియో గంగాళం పక్కన బూడిదలో సగం పూడ్చిన మట్టికుండ దగ్గరికి వెళ్ళి మూత తీశాడు. నీళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి. పైన రాగి రంగు తెట్టె, దాని నడుమ నీలి నురగ. బతికున్న తొట్టి పూసే పువ్వు అది.

"నీ తొట్టిదే. మావయ్య మాత్రలు మొదలుపెట్టినరోజే ఒక కుండెడు తోడుకొచ్చా. ఇక్కడ గంగాళం వేడి ఎప్పుడూ ఉంటుంది, ఈ కంపులో నీ కంపు ఎవరికీ తెలీదు. నువ్వు చేసినట్టే చేశా, తవుడు వేసి, మెల్లగా కలిపి. పొద్దున మీ తొట్టి చూస్తే పువ్వు లేదు. ఇది నీకెలా చేర్చాలా అని ఆలోచిస్తున్నా, ఇంతలో నువ్వే వచ్చి మావాళ్ళ ముందు నా పరువు తీశావ్."

"మీ అమ్మకి తెలిస్తే?"

"రుమాలు లాగేసి పేటలోంచి వెలేస్తుంది. మా బాబాయి మీవాళ్ళకి మా జల్లెడ చూపించాడని ఆయన రుమాలు లాగేసింది, గుర్తుందా? చచ్చేదాకా పేట భోజనానికి రానివ్వలేదు. సొంత మరిది." కుండ మీద మూత పెట్టేశాడు. "గుడ్డ కప్పి తీసుకెళ్ళిపో. ఎవరికీ చెప్పకు. నీ తొట్టే కదా."

నేను అతని మెడ చుట్టూ చేతులేసి గట్టిగా పట్టుకున్నాను. ఎర్ర రుమాలు నా చెంపకి గరుగ్గా తగిలింది. ఈ మనిషినా నేను ఇందాక అనుమానించింది అనుకున్నాను, కానీ క్షమించమని అడగలేదు. సాయంత్రం గెలిచి అడుగుదామనుకున్నాను.

ఉతికే బట్టల బుట్టలో కుండ పెట్టి, పైన పేలికలు కప్పి, కమాను దాటి వచ్చేశాను. కొట్టంలో మా నాన్న చచ్చిన తొట్టిని కర్రతో కలుపుతున్నాడు.

"నాన్నా, మంట తగ్గిందా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఎవడు చెప్పాడు? వాడేనా? ఒట్టేయించుకున్నానే!"

"వాడు చెప్పలేదు. నీ తొట్టి చెప్పింది."

ఆయన తొట్టివైపు చూశాడు, చెంబువైపు చూశాడు. అర్థమయ్యాక పీట మీద కూర్చుండిపోయాడు.

"ఆ కాస్తకే చస్తుందనుకోలేదమ్మా. పేట పెద్దని కదా, ముందు నేను పోయాలి. పోయకపోతే ఎందుకు పోయలేదని అడుగుతారు. ఏం చెప్పమంటావ్, మంటనా?"

"చెప్తే ఏమయ్యేది?"

"శాన్ బియాజియోవాళ్ళు పాట కట్టేవాళ్ళు."

అది మాత్రం కాదనలేను. ఆ సాయంత్రానికే కట్టేవాళ్ళు, బాగా కూడా కట్టేవాళ్ళు. నేను ఆయన నెత్తిమీద ముద్దు పెట్టి, కుండని పొయ్యి పక్కన బూడిదలో దించాను.

తీర్పరులు వచ్చేసరికి వీధి కిక్కిరిసిపోయింది. వాళ్ళ పెద్ద, పెరూజియా నగరం నుంచి వచ్చిన ప్రొఫెసరమ్మ. మంచి మనిషి, మా పనంటే గౌరవం ఉన్న మనిషి, కానీ కుట్టు దగ్గర దారం కూడా వదలదు. ఎదురుగా, జనానికి అడ్డంగా కట్టిన తాడు అవతల శాన్ బియాజియో పేట మొత్తం నిలబడింది. పగవాళ్ళు ఓడిపోతుంటే చూడ్డానికి మాత్రం ఎవరైనా కమాను దాటి రావచ్చు. ముందు వరసలో మా అత్తగారు ఎర్సీలియా, పొడుగు చేతుల నల్ల గౌనులో, తల ఎత్తుకుని. పక్కనే సెత్తిమియో.

ఉన్ని గుడ్డ తడిపి, పిండి, కుండలోకి నీళ్ళు కదలకుండా దించాను. నాకు భయం లేదు. నా చేతులకి ఆ పని తెలుసు. ఎంతసేపు ఉంచాలో గుడ్డే చెప్తుంది. తీసి పైకెత్తాను. పచ్చగా వచ్చింది, లేత చిక్కుడాకు పచ్చ. ఆ పచ్చదనం అంచుల నుంచి తగ్గుతూ, మధ్యలోకి నీలం పాకుతూ వచ్చింది. నేను చేసిన అన్ని నీలాల్లోకీ అదే గొప్పది. మోలినో పేట అంతా ఒక్కసారిగా అరిచింది. మా నాన్న ఏడ్చేశాడు. కాలవలో జాడించాను, చుక్క రంగు వదల్లేదు.

ప్రొఫెసరమ్మ గుడ్డని వెలుగుకి ఎత్తి చూసి, తల ఊపింది. తర్వాత గోడ పక్కన పువ్వు లేకుండా పడున్న పెద్ద తొట్టిని చూసింది. మళ్ళీ కుండని చూసింది.

"అద్భుతంగా ఉందమ్మా. ఒక్కటే అడగాలి. ఈ కుండలోది ఈ పేటలోనే పెరిగిందా?"

అవునంటే గెలుపు మాది. ఆకు మాదే, నీళ్ళు మావే, పుట్టింది ఈ కొట్టంలోనే, అబద్ధం కూడా పూర్తిగా అబద్ధం కాదు. కాదంటే గెలుపు పోతుంది, తాడు అవతల నిలబడ్డవాడి రుమాలు పోతుంది. పేటంతా నా నోటివైపు చూస్తోంది. నేను సెత్తిమియోని చూశాను. వద్దని తలూపుతాడనుకున్నాను. అతను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, అంతే. చెప్పు అన్నట్టు.

పెళ్ళాం కోసం, మావగారి కోసం అతను చేసిన పనిని దొంగసొత్తులా పేలికల కింద ఒకసారి దాచాను. రెండోసారి దాచడం నా వల్ల కాలేదు.

"ఇక్కడ పుట్టింది. పెరగడం ఇక్కడ కాదు" అన్నాను, అందరికీ వినబడేలా. "మా తొట్టి చచ్చిపోయింది. దీన్ని శాన్ బియాజియో జిగురు కొట్టంలో మా ఆయన సాకాడు."

మా పల్మీరా పిన్ని "అయ్యో, దీని నోరు పడిపోను" అంది. అవతల పక్క నుంచి ఒక హోరు లేచింది. సెత్తిమియో తాడు దాటి వచ్చి, వెనక్కి తిరిగి, మెడలో రుమాలు విప్పి వాళ్ళమ్మ ముందుకి చాచాడు.

"నువ్వు అడక్కముందే ఇస్తున్నానమ్మా. ఎవరి తప్పూ లేదు. నేనొక్కణ్ణే చేశాను."

మా అత్తగారు రుమాలు అందుకోలేదు. కొడుకుని చూసింది, నన్ను చూసింది, నా చేతిలో గుడ్డని చాలాసేపు చూసింది.

"నువ్వొక్కడివేనా?" అంది. "నువ్వు వేసినంత తవుడుకి అది ఆ మర్నాడే చచ్చుండేది."

ఆమె రెండు చేతులూ పొడుగు గౌను చేతుల్లోంచి మెల్లగా బయటికి తీసింది. కాయితం పేట పెద్దావిడ చేతులు మణికట్ల దాకా నీలంగా ఉన్నాయి.